టికెట్‌లో పన్నెండున్నర గంటలు, ప్రయాణం 23 గంటలు

సంపాదకులకు నమస్కారం.

ఈ మే నెలలో మా అమ్మానాన్న డల్లాస్‌లో ఉన్న అక్క దగ్గరకు మొదటిసారి వెళ్లారు. ఏజెంటు ఇచ్చిన కాగితం ప్రకారం శంషాబాద్‌లో రాత్రి 9:30కి ఎక్కితే 11:50కి దుబాయ్. అక్కడ 2:40కి ఇంకో విమానం ఎక్కితే పొద్దున 10 గంటలకు డల్లాస్. "రాత్రి ఎక్కితే పొద్దున్నే దిగుతాంగా" అనుకుంది అమ్మ. ఆమెకు షుగర్. రెండు పూటల మాత్రలు చిన్న స్టీలు డబ్బాలో వేసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. మిగతా మందులు, ఇన్సులిన్ పెద్ద సూట్‌కేసులో సర్దేసింది. లగేజీలో వేస్తే ఇన్సులిన్ చలికి గడ్డకట్టి పాడవ్వొచ్చని మాకు తర్వాత తెలిసింది.

నిజానికి ఆ ప్రయాణం 23 గంటలు. కాగితంలో ఏ ఊరి దగ్గర ఆ ఊరి టైమే వేస్తారు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, డల్లాస్ వేసవిలో పదిన్నర గంటలు వెనక. దుబాయ్ నుంచి డల్లాస్ సుమారు 12,900 కిలోమీటర్లు, పదహారు గంటల పైమాటే. కాగితంలో చూస్తే మాత్రం ఏడు గంటల ఇరవై నిమిషాలే కనిపిస్తుంది!

రెండోసారి భోజనం తెచ్చేసరికి మాత్రలు అయిపోయాయి. మందు లేకుండా తింటే షుగర్ పెరుగుతుందేమోనని అమ్మ ట్రే ముట్టుకోలేదట. నాన్నకు ఇంగ్లిష్ రాదు, ఎవరినీ అడగలేదు. దిగే ముందు అమ్మకు ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. పక్క సీట్లో ఉన్న తెలుగమ్మాయి షుగర్ పడిపోయిందని గమనించి జ్యూస్ తాగించింది. ఆ అమ్మాయి లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడే.

కొన్ని టికెట్ల మీద ఎన్ని గంటల ప్రయాణమో ఉంటుంది. అదీ ఇంగ్లిష్‌లో, కళ్లజోడు పెట్టుకున్నా కనిపించనంత చిన్న అక్షరాల్లో. ఏజెంట్లు ఇచ్చే కాగితాల్లో చాలాసార్లు అదీ ఉండదు. పైగా ఆ గంటలూ ఎప్పుడూ ఒకేలా ఉండవు. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లేవి చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది, కొన్ని ఇంధనం కోసం దారిలో వియన్నాలో ఆగాయి. ఎదురుగాలి వల్ల అమెరికా వెళ్లేటప్పుడు పట్టే సమయం తిరిగొచ్చేటప్పటికంటే ఎక్కువ. ఇవన్నీ చదువుకున్నవాళ్లకే తికమక.

2021 జనవరిలో శంషాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం వేశారు, అది నిలవలేదు. మళ్లీ వేస్తే సంతోషమే. అంతవరకు పెద్దవాళ్లు మధ్యలో దిగి, గంటలు గంటలు కూర్చుని, మళ్లీ ఎక్కాల్సిందే. కాబట్టి పౌర విమానయాన శాఖను, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏను కోరేది ఒకటే. ప్రతి విమానంలో ఎన్ని గంటలు కూర్చోవాలి, మధ్యలో ఎన్ని గంటలు ఆగాలి, ఇల్లు చేరేసరికి మొత్తం ఎన్ని గంటలు అన్నది టికెట్ మీద పెద్ద అక్షరాల్లో, తెలుగులో కూడా, తప్పనిసరిగా వేయించండి. ఏజెంట్లు ఇచ్చే కాగితానికీ ఇదే నియమం పెట్టండి. "మందులు చేతి సంచిలోనే ఉంచుకోండి" అన్న ఒక్క వాక్యం కూడా చేర్చండి.

అమ్మావాళ్లు అక్టోబర్‌లో తిరిగొస్తున్నారు. ఏ మాత్ర ఎన్ని గంటలకు వేసుకోవాలో అక్క ఇప్పటికే తెలుగులో కాగితం రాసి అమ్మ పర్సులో పెట్టింది.

- ఒక పాఠకురాలు, ఖమ్మం