ఎలెన్ ఫోస్టర్ గురించి సగమే చెప్పారు

సంపాదకుడు గారికి,

మహిళా న్యాయవాదుల చరిత్ర మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో జె. ఎలెన్ ఫోస్టర్ పేరు చూసి సంతోషించాను. కానీ 1872లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో లాయరయ్యారు, అక్కడి సుప్రీంకోర్టులో ప్రాక్టీసు చేసిన తొలి మహిళ, మద్యనిషేధం కోసం ప్రసంగాలు చేశారు అని మూడు ముక్కల్లో తేల్చేశారు. ఆవిడ ఎవరితో ఎందుకు తగువు పడ్డారో రాయకపోతే ఎలా?

1873–74 చలికాలంలో అమెరికా ఆడవాళ్ళు సారా కొట్ల ముందు మోకరిల్లి ప్రార్థనలు చేశారు. ఫోస్టర్‌ది లాయరు బుర్ర. మద్యనిషేధం మామూలు చట్టమైతే తర్వాత వచ్చే శాసనసభ రద్దు చేసేస్తుంది, అదే రాష్ట్ర రాజ్యాంగంలో రాయిస్తే చెరపడం కష్టం అనుకున్నారు. వాదనలు, అర్జీల నమూనాలతో కార్యకర్తలకు ఒక చేతిపుస్తకం కూడా తయారు చేసిచ్చారు. 1882 జూన్ 27న ఓటింగ్ జరిగితే సవరణ దాదాపు 30 వేల మెజారిటీతో నెగ్గింది. ఓటేసిన వాళ్ళంతా మగవాళ్ళే. ఇంత చేసిన ఫోస్టర్‌కు మాత్రం ఓటు లేదు.

మరుసటి ఏడాదే కోర్టు దాన్ని కొట్టేసింది. బీరు అమ్మిన బాకీ కోసం తయారీదార్లు వేసిన దావా ఒకటి రాష్ట్ర సుప్రీంకోర్టుకెళ్ళింది. సవరణ ముసాయిదాలో రాష్ట్ర ఎగువసభ సెనేట్ చేర్చిన రెండు మూడు మాటలు ఆ తర్వాతి ప్రతిలో జారిపోయాయని, కాబట్టి రాజ్యాంగం కోరిన పద్ధతిలో సవరణ ఆమోదం పొందలేదని తీర్పు. ప్లీడరుగా నాకు ఆ తీర్పు మీద ఒళ్ళు మండుతుంది, కానీ తప్పుపట్టడం కష్టం. చివరికి 1884లో మామూలు చట్టంతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ ఏడాదే ఫ్రాన్సెస్ విల్లార్డ్ నాయకత్వంలోని మహిళా క్రైస్తవ మద్యనిషేధ సంఘం, మద్యనిషేధమే ధ్యేయంగా పెట్టుకున్న ప్రొహిబిషన్ పార్టీకి మద్దతు ప్రకటించింది. ఫోస్టర్ ఎదురుతిరిగారు. సంఘంలో అన్ని పార్టీల ఇళ్ళ ఆడవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ చందాలతో ఒక పార్టీకి పని చేయడమేమిటన్నది ఆవిడ అభ్యంతరం. ఏటా సభల్లో ఇదే గొడవ. 1889లో చికాగో సభ నుంచి అయోవా ప్రతినిధులతో కలిసి బయటికి నడిచారు. మరుసటి ఏడాది పార్టీలతో సంబంధం లేని వేరు సంఘం పెట్టారు.

ఇక్కడ ఆవిడను వెనకేసుకు రావడం నాకూ కుదరదు. 1888లోనే రిపబ్లికన్ పార్టీ కోసం జాతీయ స్థాయిలో మహిళా సంఘం పెట్టి, అధ్యక్ష ఎన్నికల్లో ఆ పార్టీ అభ్యర్థి హారిసన్‌ను గెలిపించమని ఊళ్ళు తిరిగిందీ ఈవిడే. ప్రొహిబిషన్ పార్టీకి పడే ఓటు రిపబ్లికన్లకు గండి కొడుతుందన్న లెక్క కూడా ఆవిడ మనసులో ఉండే ఉంటుంది. అయినా ఆవిడ వేసిన ప్రశ్న తప్పు కాదు. మా నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు సారా మీద తిరగబడితే 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ రెండుసార్లూ నిర్ణయం ఆడవాళ్ళ చేతిలో కాదు, అధికారంలో ఉన్న పార్టీ చేతిలో ఉందని అందరికీ తెలుసు.

విల్లార్డ్ విగ్రహం 1905 నుంచీ వాషింగ్టన్‌లోని పార్లమెంటు భవనంలో ఉంది. ఆవిడ గురించి రాసేవాళ్ళకు కొదవ లేదు. వీలైతే వచ్చే అనుబంధంలో ఆ చికాగో తగువు మీదే ఒక వ్యాసం వేయండి, ఇద్దరి వాదనలూ ఇస్తూ.

– ఒక న్యాయవాది, నెల్లూరు