తుప్పు పట్టిన మోరిస్ మైనర్ ఎందుకు కొన్నానంటే

బాబాయ్,

ఫోటో చూసి పిన్ని "ఇంత డబ్బు పోసి తుక్కు కొన్నాడేంటి" అందని అమ్మ చెప్పింది. ఫోన్‌లో చెబితే సగం సగమే అవుతుందని తీరిగ్గా రాస్తున్నా. ఏళ్ల తరబడి అంబాసిడర్ నడిపి, దాని పనులన్నీ దగ్గరుండి చేయించినవాడివి, నీకు ఎక్కువ వివరించక్కర్లేదు. పిన్నికి మాత్రం నువ్వే సర్ది చెప్పాలి.

కారు మోరిస్ మైనర్ 1000. 1965లో తయారైంది, రెండు తలుపుల సెలూన్, ఇంజను 1098 సీసీ. అంబాసిడర్‌కి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ని తయారుచేసిన కౌలీ ఫ్యాక్టరీయే దీనికీ పుట్టిల్లు. 1948లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ మోటార్ షోలో మైనర్‌ని మొదట చూపించారు, 1971 దాకా చేస్తూనే ఉన్నారు, బ్రిటన్‌లో పది లక్షలు దాటిన మొదటి కారు ఇదే. డిజైన్ చేసింది అలెక్ ఇస్సిగోనిస్, తర్వాత మినీ చేసిందీ ఆయనే. ఫోటోలో బానెట్ మధ్యన పొడుగ్గా ఒక చదునైన పట్టీ కనిపిస్తుంది చూడు, దాని వెనక ఒక కథ ఉంది. నమూనా బండి మరీ ఇరుకుగా ఉందనిపించి దాన్ని నిలువునా రెండుగా కోయించాడట, రెండు ముక్కల్నీ కొంచెం కొంచెంగా దూరం జరిపిస్తూ కంటికి నచ్చిన చోట ఆపాడట. అలా నాలుగు అంగుళాలు వెడల్పు పెరిగింది. అప్పటికే తయారైపోయిన బంపర్లు చాలకపోతే వాటినీ మధ్యలో కోసి అతుకు వేశారు.

ఇక పిన్ని అడిగిన ప్రశ్న. రంగులేసి మెరిసిపోతున్న మైనర్లు ఇక్కడ బ్రిటన్‌లో అమ్మకానికి బోలెడు దొరుకుతాయి, అలాంటివి చూశాను కూడా. ఒకదాని డోర్ల కింద అయస్కాంతం పెడితే అంటుకోలేదు. అంటే అక్కడ రేకు లేదు, లప్పం ఉంది. ఈ కారుకి విడిగా చాసిస్, అంటే అడుగున ఇనుప చట్రం, ఉండదు బాబాయ్, బాడీయే చాసిస్, కాబట్టి రేకు పోతే అందం ఒక్కటే పోదు, బండి నిలబడే బలమే పోతుంది. పైన అంత ఖరీదైన పెయింట్ వేశాక లోపల ఏముందో తెలుసుకోవాలంటే ఆ పెయింటే గీకాలి. నేను కొన్నదాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. తుప్పు ఎక్కడుందో కళ్లెదురుగా ఉంది. నాకు కావలసింది అదే.

ష్రాప్‌షైర్‌లో ఒక పొలంలో, రేకుల షెడ్డులో ఉంది. ఒక పెద్దావిడది, ఆవిడ పోయాక కూతురు అమ్మకానికి పెట్టింది. ముందు అద్దానికి 1987 నాటి రోడ్డు ట్యాక్స్ కాగితం ఇంకా అంటుకునే ఉంది, ఆ గుండ్రటి కాగితాలు ఇక్కడ 2014లోనే తీసేశారు. డాష్‌బోర్డు అరలో ప్రతి ఏడాదీ చేయించిన ఎంఓటీ పరీక్ష (బండి రోడ్డు మీద నడపడానికి పనికొస్తుందా అని చూసేది) సర్టిఫికెట్లు వరసగా కట్ట కట్టి ఉన్నాయి, వాటిలో రాసిన మైళ్లు ఒకదానికొకటి సరిపోతున్నాయి. ఇవి చూశాక బేరం కూడా గట్టిగా ఆడలేదు, పదహారు వందల పౌండ్లకు ఒప్పుకున్నా.

ఒప్పుకునే ముందు టార్చి, స్క్రూడ్రైవర్ పట్టుకుని కిందకి దూరాను. ముందు రెక్కల వెనక, డోరు కీళ్ల దగ్గర ఎప్పటిదో మట్టి గట్టిగా పేరుకుపోయి ఉంది, తడి అంతా అక్కడే చేరుతుంది. దాన్ని తవ్వితే లోపలి రేకు పొరలు పొరలుగా ఊడింది. వెనక కమాను పట్టీలు బాడీకి తగులుకునే చోట, ఎడమ వైపు, స్క్రూడ్రైవర్ మొన పెద్దగా నొక్కకుండానే లోపలికి దిగిపోయింది, ఎర్రటి పొడి మొహం మీద రాలింది. కుడి వైపు మాత్రం ఠంగుమంది. సీట్ల కింద అడ్డంగా ఒక పెట్టె లాంటి బీము ఉంటుంది, ముందు చక్రాలకు స్ప్రింగుల్లా పనిచేసే పొడుగాటి కడ్డీలు, టార్షన్ బార్లు అంటారు, వాటి వెనక కొసలు దానికే బిగిస్తారు. అది పోయి ఉంటే నేను అక్కడి నుంచే వెనక్కి వచ్చేసేవాణ్ణి. మొత్తం నొక్కి చూశా, కొసలు మాత్రమే పాడయ్యాయి. ముందు రెక్కలు, వెనక రెక్కలు నాలుగూ బోల్టులతో ఊడి వచ్చేస్తాయి, అదొక వరం.

కాగితాల పని గురించి అమ్మకి టెన్షన్ ఉంది, అది తీర్చెయ్. ఇక్కడ వీ5సీ అని లాగ్‌బుక్ ఉంటుంది, మన ఆర్సీ లాంటిదే, ఆ కూతురు నా ముందే ఆన్‌లైన్‌లో నా పేరుకు మార్చింది. లాగ్‌బుక్ ఒక్కటే యజమానికి రుజువు కాదంటారు, అందుకని రసీదు కూడా రాయించుకున్నా. రోడ్డెక్కని బండికి సోర్న్ అని డిక్లరేషన్ ఇవ్వాలి, బండి చేతులు మారితే కొత్తవాళ్లు మళ్లీ ఇవ్వాలి, అదీ ఇచ్చేశా. వీధిలో పెట్టకూడదు, మా గ్యారేజీలోనే ఉంటుంది. నలభై ఏళ్లు దాటిన బండి కాబట్టి రోడ్డు ట్యాక్స్ కట్టక్కర్లేదు, రూపురేఖలు పెద్దగా మార్చకపోతే ఎంఓటీ కూడా తప్పనిసరి కాదు. నేను మాత్రం చేయిస్తాను, బ్రేకులు ఇంకో మనిషి కూడా చూస్తే మంచిదే కదా. గేడన్‌లో బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఉంది, చాసిస్ నంబరు పంపి ఫీజు కడితే అసలు రంగేంటి, ఏ తేదీన తయారైందో పాత రికార్డులు చూసి సర్టిఫికెట్ ఇస్తారు. దానికీ రాశాను.

ఇంజను బిగుసుకుపోయి ఉంది. బ్యాటరీ పెట్టి తిప్పితే పిస్టన్ రింగులు విరుగుతాయని ప్లగ్గులు తీసి సిలిండర్లలో నూనె పోసి వదిలేశా, కొన్ని వారాలు నానాలి. తర్వాత టాప్ గేర్ వేసి బండిని ముందుకీ వెనక్కీ నెమ్మదిగా ఊపుతా. దీనికి హ్యాండిల్ కొట్టే సదుపాయం ఉంది బాబాయ్, ముందు నుంచి దూర్చి తిప్పడమే! పానాలు అన్నీ అంగుళాల సైజువి కొన్నా, మిల్లీమీటర్లవి వాడితే బోల్టు తలలు అరిగిపోతాయి. పాత రబ్బరు పెట్రోలు గొట్టాలన్నీ మార్చేస్తా, ఇప్పుడు మామూలు పెట్రోల్‌లో పది శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు, దానికి పాత రబ్బరు తట్టుకోదు.

రంగు మాత్రం వెయ్యను. వెల్డింగ్ చేసిన చోట్ల అంత మేరకే అద్దుతా. ఆవిడ చెయ్యి తగిలి తగిలి డోరు పిడి దగ్గర పెయింట్ అరిగి కింది పూత బయటపడింది, దాన్ని కప్పేస్తే ఈ బండి కూడా నేను వద్దనుకుని వచ్చిన ఆ మెరిసే బండ్లలో ఒకటవుతుంది. సీట్లు కూడా అవే ఉంచుతా, కుట్లు ఊడిన చోట కుట్టిస్తా.

అన్నిటికంటే మొదట ముందు చక్రాల పని పట్టాలి. కింగ్‌పిన్ అంటే ముందు చక్రం పక్కకి తిరిగే ఇరుసు, దాని కొసలు మరల్లా ఉండి ట్రనియన్లనే దిమ్మల్లోకి బిగుస్తాయి, గ్రీజు పెట్టకుండా తిప్పితే మరలు అరిగి ఒకరోజు చక్రం అలాగే పక్కకి మడత పడుతుంది, ఈ కారుకి అది పేరుమోసిన జబ్బు. దానికోసం టార్షన్ బార్లు విప్పాలి. ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చకూడదని చదివాను, విప్పే ముందు గుర్తులు కూడా పెట్టుకుంటా. బ్రేకు మాస్టర్ సిలిండర్ కూడా డ్రైవర్ కాళ్ల కింద బాడీ దూలంలో దాక్కుని ఉంది, దాని బోల్టులకు ఆ టార్షన్ బారే అడ్డం, కాబట్టి రెండు పనులూ కలిపే చెయ్యాలి.

మీ మెకానిక్ అంబాసిడర్‌వి విప్పేటప్పుడు బోల్టు విరక్కుండా ఏం చేసేవాడో గుర్తుంటే చెప్పు, వేడి చేసేవాడా, నూనె పోసి వదిలేసేవాడా? ఆదివారం మీకు పొద్దున అయ్యేలా ఫోన్ చేస్తా, వీడియోలో కిందభాగం అంతా చూపిస్తా.

నీ
చిన్నా