పప్పు విరిగితే తప్పు కటింగ్ చేసినవాళ్లదేనా?

ఎడిటర్ గారికి,

గజపతి, గంజాం జిల్లాల జీడి కార్ఖానాల్లో తెలుగు, ఒడియా, సవర మాట్లాడే ఆడవాళ్లు పక్కపక్కన కూర్చుని పిక్కల్ని, అంటే పెంకుతో ఉన్న జీడిగింజల్ని, కాలి పెడల్ మిషన్ల మీద కోస్తారు. సాయంత్రం తూకంలో గుండు పప్పు (విరగని పప్పు) ఎంత, విరిగింది ఎంత అనే రెండు అంకెలతోనే చాలాచోట్ల కూలీ, పండగ బోనస్, రేపు పనికి పిలుపు అన్నీ తేలిపోతున్నాయి. విరుగుడు, అంటే విరిగిన పప్పు, పెరిగితే కోసినామెకి చేయి తిరగలేదంటారు. పప్పు విరగడానికి కారణాల్లో సగం పిక్క ఆమె ముందుకు రాకముందే పుడతాయని ఈ పని తెలిసిన ఎవరైనా ఒప్పుకుంటారు. మరి లెక్కలో అవెందుకు ఉండవు?

మొదటిది ఎండ. వేసవిలో కొన్న పిక్కని రెండు మూడు రోజులు ఎండబెట్టి, తేమ 8 శాతం దరిదాపులకి తెచ్చి బస్తాల్లోకి ఎత్తాలి. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల పప్పు గలగలమనాలి. ఆ చప్పుడు లేదంటే పప్పు పెంకుని పట్టుకునే ఉంది. గోదాములో నేల చెమ్మ తగిలిన బస్తాలు వానాకాలంలో ఇలాగే తయారవుతాయి. వాటిని ఎంత నేర్పుగా కోసినా పప్పు పెంకుతోపాటే చీలుతుంది.

రెండోది ఆవిరి. కోసేముందు పిక్కని ఆవిరిలో ఉడికించే బాయిలింగ్ చాలకపోతే పెంకు గట్టిగా ఉండి పెడల్ బలంగా తొక్కాల్సివస్తుంది, ఆ దెబ్బకి బద్దలవుతుంది. ఎక్కువైతే పప్పుకి పెంకులోని జీడి నూనె పట్టి రంగు మారుతుంది. దించాక ఒక రాత్రంతా పలచగా పరిచి ఆరనివ్వాలి. ఆర్డరు తొందరలో పొద్దున దించినదాన్ని మధ్యాహ్నమే మిషన్ల మీదకి పంపితే పెంకు మెత్తగా ఉండి తెగదు, నలుగుతుంది.

మూడోది సైజు. మిషన్‌లో ఎదురెదురుగా ఉండే రెండు బ్లేడ్ల మధ్య సందు ఒక సైజు పిక్కకే సరిపోతుంది. జల్లెడ సరిగా పట్టక చిన్నవీ పెద్దవీ కలిసి వస్తే చిన్నదానికి పెంకు పూర్తిగా తెగదు, పెద్దదానికి బ్లేడు పప్పులోకే దిగుతుంది. మొద్దుబారిన బ్లేడు సంగతి చెప్పనక్కర్లేదు.

ఎవరు ఎక్కువ కిలోలు కోశారని చూసే ఉత్పత్తి పోటీలో కనపడని అన్యాయం ఇంకొకటి ఉంది. 320 రకమంటే పౌనుకి (సుమారు 454 గ్రాములకి) 300 నుంచి 320 పప్పులు, 210 రకమంటే 200 నుంచి 210. కిలోల్లో చూస్తే 210 రకం సుమారు 450 పప్పులకి కిలో తూగుతుంది, 320 రకానికి సుమారు 680 కావాలి. అంటే చిన్న పిక్క వచ్చినామె కిలో పప్పుకి ఒకటిన్నర రెట్లు పెడల్ తొక్కాలి. ఇద్దరినీ కిలోల్లో కొలిచి ఒకామెని చురుకైనదనీ ఇంకొకామెని మందకొడి అనీ రాయడం తప్పు లెక్క.

తప్పు ఎక్కడుందో తేల్చడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒకేసారి ఆవిరి పట్టిన పిక్కల రాశి ఒక లాటు, ప్రతి లాటుకీ ఒక పలక పెట్టాలి. ఎండిన రోజులు, ఆవిరి పట్టిన నిమిషాలు, ఆరిన గంటలు, జల్లెడ సైజు, మిషన్ నంబరు దాని మీద రాయాలి. పొద్దున పని మొదలుపెట్టగానే ఒకే ట్రేలోంచి మనిషికి 100 పిక్కలు ఇచ్చి కోయించి, గుండు ఎన్ని వచ్చాయో ఆమె ముందే లెక్కపెట్టాలి. వరసలో అందరికీ విరుగుడు పెరిగితే తప్పు లాటుది, బాయిలర్ దగ్గరకి వెళ్లి చూడాలి. ఒక్కామెకే పెరిగితే ఆమెని పక్క మిషన్ మీద గంటసేపు కూర్చోబెట్టి, అక్కడామెని ఇటు పంపాలి. విరుగుడు మిషన్ దగ్గరే ఉండిపోతే బ్లేడు చూడాలి. మనిషితో పాటు వెళ్తే అప్పుడు నేర్పాలి. అదీ తిట్టి కాదు, పక్కన కూర్చుని పిక్కని బ్లేడు మధ్య ఎలా నిలబెట్టాలో చూపించి.

తూకం కూడా ఆమె ఎదుటే, ట్రే బరువు తీసేసి, కోసిన రోజే జరగాలి. మర్నాడు డ్రయ్యర్‌లోంచి తీశాక తూస్తే పోయిన తేమ బరువంతా ఆమె కూలీలోంచే పోతుంది. తొక్క తీసేవాళ్ల గోడు ఇలాంటిదే. డ్రయ్యర్‌లో ట్రేలు పైకీ కిందకీ మార్చకపోతే వేడి ఎక్కువ తగిలిన ట్రేలో పప్పు పెళుసెక్కి చేయి తగలగానే విరుగుతుంది, తగలని ట్రేలో తొక్క ఊడదు. రెండూ తొక్క తీసేవాళ్ల ఖాతాలోకే ఎక్కుతాయి.

మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం మిషన్ ఆపే అధికారం. బ్లేడు సందు తేడా వచ్చిందని మొదట తెలిసేది పెడల్ మీదున్న కాలికే. మేస్త్రీ వచ్చేదాకా ఆగితే కూలీ పోతుందని ఆమె అలాగే తొక్కుతూ పోతుంది, ట్రే అంతా బద్దలవుతుంది. వరసకి ఇద్దరికి పానా ఇచ్చి సందు సరిచేయడం నేర్పాలి, ఆ ఆగిన సమయానికి కూలీ కట్టాలి. చేతులకి ఆముదం రాసుకునే నిమిషాలు కూడా పని గంటల్లోనే కలపాలి. తొందరలో అది మానేసినవాళ్ల వేళ్లు జీడి నూనెకి కాలి తోలూడుతున్నాయి, మర్నాడు ఆ వేళ్లతో నేర్పు ఎక్కడినుంచి వస్తుంది?

విరిగినదానికి కూలీలో కోత పెట్టే యజమానులు చట్టం కూడా చూడాలి. జరిమానా ఏదైనా పనివాళ్ల సంజాయిషీ విన్నాకే వేయాలి, అది ఆ వేతన కాలానికి (వారమో నెలో) రావాల్సిన కూలీలో 3 శాతం దాటకూడదు. 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలో ఉన్న ఈ నియమం 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది. పీసు రేటు విడిగా నిర్ణయించకుండా ప్రభుత్వం రోజు కూలీ మాత్రమే కట్టిన పనిలో, కిలో లెక్కన ఇచ్చినా ఆ కనీస కూలీకి తగ్గకూడదు. కూలీ చీటీ ఇవ్వడం కూడా యజమాని బాధ్యతే.

ఆ చీటీ, లాటు పలక ఒడియాతో పాటు తెలుగులోనూ ఉండాలని మా మనవి. చదువు రానివాళ్ల కోసం పలక మీది రాతని మేస్త్రీ రోజూ గట్టిగా చదివి వినిపించాలి, తూకం అయిపోయాక కాదు, కాటా దగ్గరకి ట్రే వెళ్లకముందే.

— జీడి పని తెలిసిన మేస్త్రీలం,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా