ఓడి ఇంటికొచ్చిన బిడ్డతో ఏం మాట్లాడదాం?

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల ఖోఖో పోటీల్లో మన ఎనిమిదో తరగతి ఆడపిల్లలు ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు. దారంతా ఏడ్చారు. అది మామూలే. కానీ ఒక పాప పీఈటీ సార్ దగ్గరికెళ్లి, "మ్యాచ్ జరగలేదని మా నాన్నకు చెప్పండి సార్" అని బతిమాలింది. ఆ నాన్న నాకు తెలుసు, బిడ్డ మీద చెయ్యెత్తే మనిషి కాదు. అయినా ఓటమి ఇంట్లో చెప్పకూడని సంగతని ఆ పాపకు ఎలాగో తెలిసిపోయింది.

నేనూ అలాంటి ఇంట్లోనే పెరిగాను. 1990ల మధ్యలో మన తీరంలో టైగర్ రొయ్యకు తెల్లమచ్చల వైరస్ వచ్చినప్పుడు మా రెండు గుంటలూ పోయాయి. రొయ్యలు గట్టు వారకు వచ్చి తేలాయి. వారం తిరక్కముందే అంతా అయిపోయింది. నాన్న మాతో ఒక్క ముక్క చెప్పలేదు. కంచం ముందు మౌనంగా కూర్చునేవారు. అప్పుడే నాకు లెక్కల్లో మార్కులు తగ్గాయి. ఆ మౌనం నా మార్కుల వల్లేనని ఏడాది పాటు నమ్మాను. అమ్మ గాజులు ఏమయ్యాయో పెద్దయ్యాక గానీ తెలియలేదు. మాకు దిగులు తెలియకూడదనే ఆయన దాచారు. కానీ ఆ దిగులు పేరు లేకుండా మా దగ్గరికి చేరింది.

మీలో చాలామందికి వనామీ రొయ్యల గుంటలున్నాయి. 2025 ఆగస్టులో మన ఎగుమతులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు మీరు పడిన టెన్షన్ నేను చూశాను. అప్పుల లెక్కలు పిల్లలకు చెప్పక్కర్లేదు. "ఈసారి నష్టం వచ్చింది నాన్నా, నీ తప్పేం లేదు" అంటే చాలు. ఫీజు కట్టడం కష్టమైతే నన్ను కలవండి. ఆ మాట పిల్లల ముందు ఎవరూ ఎత్తరు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. పోయినచోటే వెతుక్కోవాలని మనం అలవాటుగా అంటాం. ఉంగరం పోతే ఆ మాట సరే. ఫోన్ పందేల్లో అదే మాట కొంప ముంచుతుంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లో, కేంద్రం 2025లో నిషేధించాయి. అయినా పెద్ద క్లాసుల మగపిల్లల మాటల్లో అవి వినిపిస్తున్నాయి. గుంట పోతే సీడ్ లోపమా, నీళ్ల లోపమా అని చూసుకుని వచ్చే పంటకు మార్చుకుంటాం. పందెంలో పోయాక దిద్దుకోవడానికి ఏముంటుంది? మీ అబ్బాయి ఐదు వందలు పోగొట్టానని చెబితే దయచేసి కొట్టకండి. కొడితే ఈసారి ఐదు వేలు పోయినా చెప్పడు.

మొన్న ప్రార్థనలో బ్యాడ్మింటన్ ఆటగత్తె పి.వి. సింధు గురించి చెప్పాను. 2017 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో 110 నిమిషాలు పోరాడి జపాన్ అమ్మాయి ఒకుహారా చేతిలో ఓడింది. 2018 ఫైనల్లోనూ ఓడింది. 2019లో అదే ఒకుహారాను 21-7, 21-7తో గెలిచింది. చప్పట్లు ఆగాక ఆరో తరగతి పిల్లవాడు అడిగాడు: "ఆ రెండేళ్లు వాళ్లింట్లో ఏమనేవాళ్లు మేడమ్?" ఆ ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు.

ఈ నెల చివరి శనివారం పేరెంట్స్ మీటింగ్ అయ్యాక క్యారమ్ బోర్డులు వేయిస్తున్నాం. మీ పిల్లలతో ఆడండి. ప్రేమకొద్దీ కావాలని ఓడిపోకండి, నిజంగా ఆడండి. ఖోఖో ప్రాక్టీసు సోమవారం నుంచి మళ్లీ మొదలు. ఆ పిల్లలు ఇంటికి వచ్చేసరికి ఆరున్నర అవుతుంది.

మీ
ప్రధానోపాధ్యాయురాలు