పల్లె చర్చి పుస్తకాలను కాపాడండి: చిత్తూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

నమస్కారం. పల్లెలోని చిన్న మెథడిస్టు (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) చర్చికి చరిత్ర రాయాలని కూర్చుంటే ముఖ్యంగా ఆధారమయ్యేవి మూడు: గోడలోని శంకుస్థాపన రాయి, బాప్తిస్మాల పుస్తకం, పెళ్లిళ్ల పుస్తకం. రాయి మీద ఏటా క్రిస్మస్‌కు ఎనామిల్ రంగు పూస్తే అక్షరాలు పూడిపోతాయి గానీ, రంగు తీసి మళ్లీ చదవొచ్చు. పుస్తకం చెదలపాలైతే అంతే. ఈ లేఖ ఆ పుస్తకాల కోసం.

వాటిని ఎక్కడ వెతకాలన్నదే మొదటి చిక్కు. మెథడిస్టుల్లో కొన్ని పల్లెలు కలిపి ఒక సర్క్యూట్. పాస్టర్లు కొన్నేళ్లకోసారి మారిపోతారు, అందుకే పల్లె లెక్కలు సర్క్యూట్ కేంద్రంలో ఉండిపోవచ్చు. పైగా 1947 సెప్టెంబరు 27న దక్షిణాదిలోని బ్రిటిష్ మెథడిస్టులు దక్షిణ ఇండియా సంఘంలో (సీఎస్ఐ) కలిశారు. కోలారు వైపు పనిచేసిన అమెరికా మెథడిస్టులు కలవలేదు. వాళ్ల సంఘం 1981లో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా అయింది. ఊరంతా 'మెథడిస్టు గుడి' అనే చోటి కాగితాలు సీఎస్ఐ ఆఫీసులో ఉంటే వింతేమీ లేదు. జిల్లా పేరుతోనూ ఇదే ఇబ్బంది. 1911కు ముందు చిత్తూరు, పలమనేరు ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె కడపలో ఉండేవి.

బాప్తిస్మాల పుస్తకంలో ఒక్క వరస చూడండి. తేదీ, పాత పేరు, కొత్త పేరు, తల్లిదండ్రులు, ఊరు, వృత్తి, పాస్టరు సంతకం. 'మునిగాడు' అన్న గడి పక్కనే 'యోహాను' అని ఉంటే, ఊరు 'గాడు' అని పిలిచిన మనిషి కొత్త పేరు అది. ఆ రెండు గడుల మధ్య లింకు తెగితే ఆ ఇంటి వంశం వెనక్కి దొరకదు.

ఆ కాలపు నల్లసిరాలో ఇనుముంటుంది, అది కాగితాన్ని తింటుంది. తేమ తగిలితే అక్షరం ఉన్నచోటే చిల్లు పడుతుంది. మంచి మనసుతో చేసే రెండు పనులు మరీ చెరుపు: లామినేషన్, సెల్లోటేపు. మొదటిదాన్ని మళ్లీ విడదీయలేం. రెండోదాని జిగురు కాగితంలోకి ఇంకి పచ్చబడుతుంది. తడిసిన పుస్తకాన్ని ఎండలో కాదు, నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టాలి.

ఫొటోలకు పెద్ద యంత్రం అక్కర్లేదు. బల్లపరుపుగా అదిమి తెరిస్తే పుస్తకం వెన్ను విరుగుతుంది కాబట్టి స్కానరు వద్దు. రెండు అట్టల కిందా చుట్టిన దుప్పటి పెట్టి, వంద డిగ్రీల వరకే తెరవాలి. లైట్లు రెండు పక్కల నుంచి 45 డిగ్రీల కోణంలో, కెమెరా పేజీకి నిటారుగా, ఫ్లాష్ లేకుండా. ఖాళీ పేజీలు కూడా తీయాలి, లేకపోతే ఎవరైనా పేజీ చించారా అన్నది తర్వాత తేలదు. రెండు వందల పేజీలు ఇద్దరికి ఒక పూట పని.

పెళ్లిళ్లకు ఇంకో దారి ఉంది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సున్న పాస్టరు భారతీయ క్రైస్తవుల పెళ్లిళ్లను విడి పుస్తకంలో రాయాలి, అది నిండాక ప్రభుత్వ రిజిస్ట్రారుకు పంపాలి. చర్చిలో దొరకని పాత పుస్తకాలు ప్రభుత్వ రికార్డు గదుల్లో మిగిలి ఉండొచ్చు. దయచేసి వెతికించండి.

పుస్తకాలు బయటికి ఇవ్వడానికి కుటుంబాలు జంకడానికి కారణం ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులు ఎస్సీలుగా లెక్కకు రారు. ఎస్సీ నుంచి మారినవారు మన రాష్ట్రంలో బీసీ-సి. తాత బాప్తిస్మం మనవడి ఎస్సీ సర్టిఫికెట్‌కు అడ్డొస్తుందేమోనన్న భయం నిజమైనది. అందుకే వందేళ్లు దాటిన పేజీలనే చదవనివ్వాలి. మిగతావి సీలువేసి సంఘం దగ్గరే ఉంచాలి. ఈ మాట మీరు రాతపూర్వకంగా ఇస్తేనే పుస్తకాలు పెట్టెల్లోంచి బయటికొస్తాయి.

ఆర్కాట్ మిషన్ (అమెరికా రిఫార్మ్‌డ్ సంఘం వారి మిషన్) చర్చిలకు, తిరుపతి వైపు లూథరన్ చర్చిలకు కూడా ఇదే పద్ధతి సరిపోతుంది. చిత్తూరులో ఒక గది, రెండు లైట్లు, ఒక కెమెరా స్టాండు ఇప్పించండి, మనుషులం మేమున్నాం. అక్టోబరు వానలకు పెంకుల కప్పులు కారడం మొదలయ్యేలోపే పని మొదలవ్వాలి.

ఇట్లు,
పల్లె సంఘాల పాత రికార్డులు చదివే కార్యకర్తలు, చిత్తూరు