రఘూ, ముందు ఆ భుజం సంగతి చూడు

రఘూ,

నీ ఉత్తరం అందింది. ఆఫీసు గొడవలు, పిల్లల చదువులు అన్నీ వివరంగా రాసి, చివర్లో మాత్రం "కుడి భుజం నెలన్నరగా నొప్పి పెడుతోంది, ఓర్చుకుంటున్నాలే" అని ఒక్క ముక్కతో సరిపెట్టావు. మిగతావాటికి జవాబు తర్వాత రాస్తాను. ఈ ఉత్తరం ఆ ఒక్క ముక్క గురించే.

నువ్వు ఓర్చుకోగలవని నాకు తెలుసు. నా టెన్షనంతా అందుకే. భుజం విషయంలో నొప్పి ఎంత ఉందన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, చెయ్యి ఏయే పనులు మానేసిందో చూడాలి. ప్రాణం తోడేసేంత నొప్పి వచ్చి రెండు వారాల్లో దానంతటదే తగ్గిపోవచ్చు. నొప్పి పెద్దగా లేకపోయినా చెయ్యి తల దాకా లేవని పరిస్థితీ రావచ్చు. రెండోదాన్ని జనం పట్టించుకోరు. చొక్కా ముందు నొప్పి ఉన్న చేతికి తొడుక్కోవడం, పై అరలో వస్తువుని రెండో చేత్తో అందుకోవడం, వెనక జేబులో పర్సుని ముందు జేబులోకి మార్చుకోవడం... ఇలా తెలియకుండానే సర్దుకుపోతాం. నువ్వు అలా సర్దుకుంటున్నావేమో ఒకసారి ఆలోచించు.

రేపు చొక్కా విప్పి అద్దం ముందు నిలబడు. రెండు చేతులూ ముందునుంచి పైకెత్తు, తర్వాత పక్కలనుంచి ఎత్తు. రెండు చేతులూ తల వెనక్కి పెట్టు. వీపు వెనక బొటనవేలు ఎంత పైకి వెళుతోందో చూడు. ఆ తర్వాత మోచేతులు నడుముకి ఆనించి, ముంజేతులు ముందుకు చాపి, రెంటినీ బయటికి తిప్పు. కుడికీ ఎడమకీ తేడా ఎంతుందో అక్కడే తెలిసిపోతుంది. ఇప్పుడు చెయ్యి పూర్తిగా వదులుగా వదిలేసి, చెల్లెమ్మని మెల్లగా ఎత్తమను. బలవంతం వద్దు, నొప్పి పుట్టగానే ఆపేయమను. నువ్వు ఎత్తలేనిది ఆమె సులువుగా ఎత్తగలిగితే ఒక అర్థం. ఆమె ఎత్తినా చెయ్యి ఒకచోట గట్టిగా ఆగిపోతే ఇంకో అర్థం.

అది ఎందుకో చెప్తాను. ఒంట్లో అన్నిటికంటే ఎక్కువగా తిరిగే కీలు ఇదే. అంత స్వేచ్ఛగా తిరగాలంటే గుంట లోతు తక్కువగా ఉండాలి కదా, అందుకే ఇది సాసర్ మీద నిలబెట్టిన బంతిలా ఉంటుంది. ఆ బంతిని జారిపోకుండా పట్టి ఉంచేవి చుట్టూ ఉన్న నాలుగు చిన్న కండరాల స్నాయువులు, అంటే కండరాన్ని ఎముకకి అతికించే తాళ్లలాంటివి. డాక్టర్లు వాటిని రొటేటర్ కఫ్ అంటారు. వాటిలో పైనున్నది భుజం ఎముక కప్పు కింద ఇరుకు సందులోంచి పోతుంది. వయసుతో అది అరిగినా, వాచినా, చేతులు పైకెత్తి చేసే పని ఎక్కువైనా నొప్పి మొదలవుతుంది. చెయ్యి పక్కనుంచి ఎత్తుతుంటే మధ్యలో, సుమారు 60 నుంచి 120 డిగ్రీల మధ్య, కలుక్కుమని పైకి వెళ్లాక తగ్గిపోతే సాధారణంగా ఇదే కారణం. నొప్పి కీలు దగ్గర కాకుండా జబ్బకి బయటివైపు తెలియడం, ఆ పక్కకి తిరిగి పడుకుంటే నిద్ర పట్టకపోవడం కూడా దీని లక్షణాలే. స్నాయువు చిరిగితే నువ్వు ఎత్తలేవు, ఇంకొకరు ఎత్తితే లేస్తుంది.

ఇంకొకరు ఎత్తినా లేవకపోతే, ముఖ్యంగా బయటికి తిరగకపోతే, అది ఫ్రోజెన్ షోల్డర్ కావచ్చు. ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే అమెరికన్ సర్జన్ 1934లో ఆ పేరు పెట్టాడు. కీలు చుట్టూ ఉండే సంచీ లాంటి పొర వాచి, దళసరెక్కి, ముడుచుకుపోతుంది. ఎక్కువగా 40 నుంచి 60 ఏళ్ల మధ్యలో వస్తుంది, ఆడవాళ్లలో ఇంకొంచెం ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లకి మామూలువాళ్లకంటే చాలా ఎక్కువగా వస్తుంది, థైరాయిడ్ తేడా ఉన్నవాళ్లకీ వస్తుంది. మా అక్కకి వచ్చింది నీకు గుర్తుండే ఉంటుంది. మొదట్లో రాత్రుళ్లు నిద్రలేని నొప్పి. కొన్ని నెలలకి నొప్పి తగ్గింది, అందరం నయమైందనుకున్నాం. నిజానికి అప్పుడే చెయ్యి పూర్తిగా బిగుసుకుంది, జడ వేసుకోవడానికి కూడా చెయ్యి వెనక్కి పోయేది కాదు. తర్వాత మెల్లగా వదులైంది. ఈ మూడు దశలూ కలిపి ఒకటి నుంచి మూడేళ్లు పట్టొచ్చు. పాపం, అందులో ఎవరో తెలిసినాయన "గట్టిగా గుంజితే వదిలిపోతుంది" అని చెయ్యి పట్టి లాగాడు, ఆ రాత్రంతా అక్క ఏడ్చింది. నీకు అలాంటి సలహాలు ఎవరిచ్చినా వినొద్దు. వాచిన పొరని బలవంతంగా లాగితే మంట పెరుగుతుంది.

నువ్వు షుగర్ పరీక్ష చేయించుకుని ఎన్నాళ్లయింది? దీంతోపాటు అది కూడా చేయించు. భుజం పట్టేసిందని వెళితే షుగర్ బయటపడ్డవాళ్లు ఉన్నారు.

కొత్తగా వచ్చిన మామూలు నొప్పి అయితే రెండు వారాలు ఇంట్లో చూసుకోవచ్చు. బరువులెత్తడం, తల పైకి చేతులెత్తి చేసే పనులు ఆపి, మిగతా కదలికలు కొనసాగించాలి. చెయ్యి మెడకి కట్టుకుని రోజుల తరబడి కదపకుండా ఉంచితే బిగుసుకుపోతుంది. మొదటి రెండు మూడు రోజులు ఐస్ గుడ్డలో చుట్టి ఒక్కోసారి 15, 20 నిమిషాలు పెట్టొచ్చు, తర్వాత బిగుతుకి వేడి కాపడం హాయిగా ఉంటుంది. మాత్రల విషయంలో జాగ్రత్త. పారాసెటమాల్ మోతాదు దాటకూడదు. ఐబుప్రోఫెన్ లాంటివి కడుపులో పుండు, కిడ్నీ, గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు. రాత్రి వెల్లకిలా పడుకుని మోచేతి కింద చిన్న దిండు పెట్టుకో, లేదా ఎడమవైపు తిరిగి పెద్ద దిండు ఒళ్లో పెట్టుకుని దానిమీద కుడిచెయ్యి వాల్చు.

కానీ నీది నెలన్నర నాటిది. రెండు వారాల గడువు ఎప్పుడో దాటిపోయింది. కాబట్టి ఈ వారంలోనే వెళ్లు.

ఇక ఒక్క రోజు కూడా ఆగకూడనివి చెప్తాను, చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు. భుజం కదిపినా కదపకపోయినా ఒకేలా నొప్పి ఉండి, దాంతో ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం, వాంతి వచ్చేలా ఉండడం... ఇవి గుండెపోటు గుర్తులు కావచ్చు. ఎడమ భుజమే కావాలని లేదు, కుడివైపూ రావచ్చు. గ్యాస్ అనుకుని కూర్చోకుండా వెంటనే అంబులెన్స్ పిలవాలి. కిందపడ్డాక భుజం ఆకారం మారినా, ఒక్కసారిగా చెయ్యి లేవకపోయినా అదే రోజు చూపించాలి. కీలు తప్పి ఉండొచ్చు, ఎముక విరిగి ఉండొచ్చు, స్నాయువు పూర్తిగా తెగి ఉండొచ్చు. తెగినదాన్ని నెలల తరబడి వదిలేస్తే కండరం క్షీణించి, తర్వాత కుట్టినా సరిగ్గా అతకదు. కీలు ఎర్రగా వాచి, వేడిగా ఉండి జ్వరం కూడా ఉంటే లోపల చీము పట్టి ఉండొచ్చు, అదీ ఎమర్జెన్సీయే. 50 దాటినవాళ్లకి పొద్దున్నే రెండు భుజాలూ ముప్పావు గంటకి పైగా బిగుసుకుపోతుంటే ఆలస్యం చేయకుండా చూపించాలి. దానికి కొత్తగా తలనొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి, చూపు మసకబారడం తోడైతే మాత్రం అదే రోజు వెళ్లాలి, చూపు పోయే ప్రమాదం ఉంది.

నొప్పి భుజంలో ఉన్నా మూలం వేరేచోట ఉండడం చాలామందికి తెలియదు. మోచెయ్యి దాటి వేళ్లదాకా తిమ్మిర్లు, మెడ తిప్పితే ఎక్కువవడం ఉంటే మెడ నరం నొక్కుకుపోయి ఉండొచ్చు. పిత్తాశయంలో (గాల్‌బ్లాడర్‌లో) రాళ్లుంటే కుడి భుజంలోనో రెక్క ఎముక దగ్గరో నొప్పి రావచ్చు, అది చెయ్యి కదిపితే పెరగదు. కారణం లేకుండా బరువు తగ్గడం, గడ్డ తగలడం, విశ్రాంతిలోనూ రాత్రంతా తగ్గని నొప్పి ఉంటే అవి దాచుకోకుండా డాక్టర్‌కి చెప్పాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు "నొప్పి" అని మాత్రమే చెప్పి ఊరుకోకు. ఎప్పుడు మొదలైంది, దెబ్బ తగిలిందా, రాత్రి నిద్ర లేపుతోందా, ఏ పని చేయలేకపోతున్నావు, ఏ మందులు వాడుతున్నావు, ఇవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లు. ఆయన నీ చెయ్యి అన్నివైపులా తిప్పి చూడాలి. అది చేయకుండా నేరుగా స్కాన్ రాసిస్తే "ముందు పరీక్ష చేసి చూడండి" అని అడగడానికి మొహమాటపడకు. 60 దాటినవాళ్లలో ఏ నొప్పీ లేనివాళ్లకి ఎమ్మారై తీసినా స్నాయువుల్లో చిరుగులు కనిపించడం మామూలే. రిపోర్టులో చిరుగు అని ఉన్నంత మాత్రాన ఆపరేషన్ అనుకుని బెంబేలెత్తకు. దెబ్బ తగలకుండా వచ్చిన భుజం నొప్పులు చాలావరకు ఫిజియోథెరపీతో, ఓపిగ్గా ఆరు నుంచి పన్నెండు వారాలు చేస్తే మెరుగవుతాయి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తానంటే భయపడక్కర్లేదు, నొప్పి తగ్గి వ్యాయామం చేయడానికి వీలిస్తుంది. షుగర్ ఉంటే మాత్రం కొన్ని రోజులు పెరుగుతుంది, ముందే చెప్పాలి. అదేపనిగా ఇంజెక్షన్లు తీసుకుంటే స్నాయువు బలహీనపడుతుంది, అందుకని ఎన్ని తీసుకోవచ్చో కూడా అడుగు.

అపాయింట్‌మెంట్ ఏ రోజు దొరికిందో ఫోన్ చేసి చెప్పు. నాకు వీలైన రోజయితే నేనూ వస్తాను, ఆయన చెప్పేది ఇద్దరం విందాం.

నీ
మూర్తి