రంగుల ఊరంటే ఫొటోలేనా?

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో పోలండ్‌లోని జాలిప్యే గ్రామం మీద మీరు వేసిన కథనం ఆలస్యంగా నా కంటపడింది. చదివాక ఒళ్లు మండింది. పేజీ నిండా పూల బొమ్మలు వేసిన ఇంటి గోడల ఫొటోలే. ఊరు ఆ దేశంలో ఏ మూలన ఉందో ఒక్క ముక్క లేదు. పైగా టూరిస్టుల కోసం ముస్తాబైందని రాశారు!

జాలిప్యే దక్షిణ పోలండ్‌లో, తార్నూఫ్ పట్టణానికి ఉత్తరాన, విస్తులా నదికి దగ్గర్లో ఉన్న పల్లెటూరు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసేదాకా అది ఆస్ట్రియా ఏలుబడిలోని గలీసియా ప్రాంతం. నది దాటితే రష్యా జార్ రాజ్యం. గలీసియా పల్లెల పేదరికం ఆ రోజుల్లో అందరికీ తెలిసిందే. ఇళ్లకు పొగగొట్టాలు కూడా ఉండేవి కావు. పొయ్యి పొగంతా లోపలే సుడి తిరిగి గోడలు నల్లగా మసిబారిపోయేవి. పండగొస్తే ఆడవాళ్లు ఆ మసి మీదే సున్నంతో తెల్లటి మచ్చలు పెట్టేవారు. 19వ శతాబ్దం చివర్లో పొగగొట్టాలు వచ్చాక గోడల తెలుపు నిలిచింది, దాని మీద పూలు వేయడం మొదలైంది. ఆవు తోక వెంట్రుకలతో కుంచెలు కట్టుకుని వేశారు. ఇందులో టూరిస్టుల ఊసెక్కడుంది?

ఆ ఊరికి పేరు తెచ్చిన ఫెలిత్సియా త్సురివోవా (1904–1974) ప్రస్తావనే లేకపోవడం మరీ అన్యాయం. గోడలు, పొయ్యి అన్నీ పూలతో నింపిన ఆమె ఇల్లే ఇప్పుడు మ్యూజియం. రెండో ప్రపంచయుద్ధంలో దేశం చితికిపోయిన మూడేళ్లకే, 1948లో, అక్కడ రంగుల ఇళ్ల పోటీ పెట్టారు. ఆ పోటీ నేటికీ జరుగుతోంది. కుంచె పట్టేది ఆ ఊరివాళ్లే. మన దగ్గర గోడలకు బొమ్మలంటే అధికారులు కాంట్రాక్టరుకు అప్పగించి చేతులు దులుపుకుంటారు, రెండు వానలకు రంగు పెచ్చులూడుతుంది, అడిగే నాథుడుండడు.

ఒకప్పుడు విదేశీ కథనం వేస్తే పక్కన చిన్న మ్యాపు, నాలుగు వాక్యాల చరిత్ర ఉండేవి. పిల్లలు కత్తిరించి దాచుకునేవారు. ఇప్పుడు నెట్‌లో దొరికిన ఫొటో, దాని కింద 'అద్భుతం', 'ఆహా' అన్న మాటలు! ఇంత దిగజారాలా? వచ్చే ఆదివారం అదే పేజీలో మ్యాపుతో, త్సురివోవా పేరుతో సవరణ వేయాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, క్రాకొవ్